ఈశాన్యం మీద బరువు

జగ్గయ్యపేటలో మా అన్నయ్య ఇంటి కొత్త మెట్లంటే నాకు ఒళ్ళు మంట. ఒక్కో మెట్టు ఎత్తు ఎంత తక్కువంటే, ఒకటి ఎక్కితే ఎక్కినట్టుండదు, రెండు కలిపి ఎక్కబోతే కాలు సాగదు. వెడల్పూ అంతే. ఒక అడుగుకి ఎక్కువ, రెండడుగులకి తక్కువ. అందువల్ల ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళందరూ ఒక అడుగు పొడుగ్గా, ఒక అడుగు పొట్టిగా వేసుకుంటూ, చెప్పు కరిచినవాళ్ళలా పైకి చేరతారు. నేనొకసారి నందిగామ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన చేపల పులుసు ఆ మెట్ల మీద పోయింది. హైవే గుంతలకి చుక్క ఒలకని పులుసు అది.

"ముసలాళ్ళు కూడా ఎక్కేటట్టు కట్టానమ్మా," అన్నాడు మేస్త్రి, గిన్నె అందిస్తూ.

ముసలాళ్ళు ఎక్కుతూనే ఉన్నారు. నడవగలిగినవాళ్ళతోనే వచ్చింది ఇబ్బంది.

మెట్ల మీద ఇంత కోపం తగదని నాకూ తెలుసు. ఇసుక, సిమెంటు కలిపితే వచ్చేవి. వాటికేం తెలుసు పాపం. కాకపోతే అవి మా అన్నయ్య గుండెజబ్బుకి మావాళ్ళు చేయించిన వైద్యం. ఆ లెక్కన పులుసు పోవడం చిన్న విషయమే.

పాత మెట్లు మా నాన్న కట్టించినవి. ఆయన బడిపంతులు. ఇల్లు కట్టేటప్పుడు కిటికీల గురించి, గాలి గురించి, పుస్తకాల అలమర గురించి చాలా ఆలోచించి, పైకి ఎలా ఎక్కాలన్నది మరిచిపోయాడు. గోడలు లేచాక గుర్తొస్తే, ఇంటికీ ప్రహరీకీ మధ్య ఈశాన్యం మూల మిగిలిన సందులో మెట్లు నిలబెట్టించాడు. నిలబెట్టించడమే, వాలు అనేది పెద్దగా లేదు. మధ్యలో ఒక మలుపు. మా అమ్మ పోయినప్పుడు ఆ మలుపులో శవప్పెట్టె తిరగలేదు. ఇటు తిప్పి, అటు తిప్పి, చివరికి నిలువునా దించారు. బతికినన్నాళ్ళూ మగవాళ్ళ మధ్య నిలబడి మాట్లాడి ఎరగని మనిషి, ఆ రోజు అందరి మధ్యా నిలబడే దిగింది.

నాన్న తర్వాత కింద భాగంలో అన్నయ్య సిమెంటు కొట్టు పెట్టాడు. పైన కాపురం. యాభై దాటాడు. షుగరు ఉంది, బీపీ ఉంది. రెండిటికీ మాత్రలున్నాయి. ఆ మాత్రలు డబ్బాలో ఉన్నాయి. సిగరెట్టు మానేశాడు, అంటే, కొనడం మానేశాడు.

మొదట ఎవరమూ గమనించలేదు. మెట్లెక్కుతూ మలుపు దగ్గరికి రాగానే అన్నయ్యకి ఫోను వచ్చేది. జేబులోంచి తీసి, "ఆఁ, చెప్పండి" అని గోడకి ఆనుకుని నిలబడేవాడు. అవతలివాళ్ళు చాలాసేపు చెప్పేవాళ్ళు. అన్నయ్య "ఊఁ, ఊఁ" అనేవాడు. తర్వాత ఫోను పెట్టేసి మిగతా మెట్లు ఎక్కేవాడు. వ్యాపారం బాగుంది కాబోలనుకున్నాను.

"మీ అన్నయ్యకి ఫోన్లన్నీ ఆ మలుపులోనే వస్తాయి అమ్మాయ్," అంది మా వదిన, కూరగాయలు తరుగుతూ. "అక్కడ టవరు బాగా అందుద్దనుకుంటా."

మా వదిన తక్కువ మాట్లాడుతుంది. మా కుటుంబంలో మాటల కోటా అంతా అన్నయ్యే వాడేస్తాడు కాబట్టి ఆమెకి మిగిలేది కొద్ది. ఆ కొద్దిని చూసి ఖర్చు పెడుతుంది.

మెట్లెక్కినప్పుడల్లా ఎడమ దవడ లాగుతోందని అన్నయ్య ఒకసారి బయటపడ్డాడు. మలుపులో ఆగితే తగ్గుతుందట. మెట్లెక్కితే నొప్పెట్టి, ఆగితే మానే పన్ను లోకంలో ఉండదని నేనన్నాను. అన్నయ్య పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన తట్టి చూసి, ఎక్స్‌రే తీసి, "పన్ను రాయిలా ఉందండీ, దీని జోలికెళ్ళకండి" అన్నాడు. అన్నయ్య ఒప్పుకోలేదు. ఎందుకైనా మంచిది, తీసెయ్యమన్నాడు. ఆయన తియ్యనన్నాడు. ఇంకొకాయన తీశాడు. అలా మా అన్నయ్య గుండెజబ్బుకి మొట్టమొదట బలైంది ఒక ఆరోగ్యమైన దంతం.

దవడ నొప్పి ఛాతీలోకి దిగాక అది గ్యాసయింది. మా వైపు ఛాతీలో వచ్చేది ఏదైనా గ్యాసే. మునేరుకి ఇటూ అటూ ఉన్న జనాభాలో గుండె ఉన్నవాళ్ళని నేను చూడలేదు. మెడ కింద నుంచి బొడ్డు దాకా అందరికీ గ్యాసే ఉంటుంది. వాము, సోడా, పరగడుపున ఒక మాత్ర. కొట్టుకి వచ్చిన వాళ్ళు బస్తాల మీద కూర్చుని ఎవరి గ్యాసు చరిత్ర వాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఒకాయన అల్లం, వెల్లుల్లి, నిమ్మరసం, తేనె కలిపి మరిగించి తాగితే ఎంతటి అడ్డయినా కరిగిపోతుందని ఫోనులో వీడియో చూపించాడు. ఆ వీడియోలో ఉన్నాయన తెల్లకోటు వేసుకున్నాడు. మా అన్నయ్యకి తెల్లకోటు మీద గౌరవం ఎక్కువ, అది ఫోనులో ఉన్నంతవరకు.

నా పోరు పడలేక ఒకసారి ఈసీజీ తీయించుకున్నాడు. మామూలుగా ఉంది. ఆ కాగితాన్ని కొట్టులో గల్లాపెట్టె వెనక, నాన్న ఫొటో పక్కన, సెల్లోటేపుతో అంటించాడు.

"అన్నయ్యా, అది నిన్ను పడుకోబెట్టి తీసింది. పడుకున్నప్పుడు నీకు నొప్పి రావట్లేదుగా. నొప్పి లేనప్పుడు తీస్తే ఏం కనపడుద్ది?"

"అంటే మిషను అబద్ధం చెప్పిందంటావా?"

"నువ్వడిగినదానికి చెప్పింది. నువ్వు అడగాల్సింది అడగలా."

"నువ్వు కప్పల గురించి చెప్పుకో చెల్లాయ్."

నేను నందిగామలో జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. ఏటా గుండె బొమ్మ బోర్డు మీద వేస్తాను. నాలుగు గదులు, కవాటాలు, లోపలికొచ్చే బాణాలు నీలం సుద్దతో, బయటికెళ్ళేవి ఎర్ర సుద్దతో. పిల్లలు చక్కగా దింపుకుంటారు. ఆ గుండెకి తిండి పెట్టే సన్నటి నాళాలు మాత్రం ఎవరూ వెయ్యరు, వాటికి మార్కులు లేవు కాబట్టి. ఏటేటా మా కాలేజీలోంచి తిండిలేని గుండెలు కొన్ని వందలు బయటికొస్తాయి. వాటిలో చాలా వాటికి ఫస్ట్ క్లాసు.

అన్నయ్యకి కప్పల భాష కాకుండా వేరే ఏదైనా వాడదామని, నాన్న మిగిల్చిన పొలం ఎత్తాను. వత్సవాయి వైపు, సాగర్ కాలవ ఆఖర్న ఉంటుంది.

"గుండె నిండా రక్తమే అన్నయ్యా. కానీ ఆ రక్తం గుండె తాగదు."

"మరింకేం తాగుద్ది?"

"మన చేను పక్కనే కాలవుంది. కాలవ నిండా నీళ్ళున్నాయి. చేలోకొస్తన్నాయా?"

"తూము తియ్యకుండా ఎట్టొస్తాయి?"

"గుండెక్కూడా అంతే. పైన పెద్ద ధమని మొదట్లో రెండు సన్నటి నాళాలు పుట్టి, గుండె ఒంటి మీద కొమ్మలేసుకుంటా పోతాయి. అవే దానికి పిల్లకాలవలు. నువ్వు కూర్చున్నప్పుడు గుండె నారుమడి లాంటిది, కొంచెం తడి చాలు. మెట్లెక్కినప్పుడు నాటేసిన చేను. నీళ్ళు బోలెడు కావాలి. పిల్లకాలవ పూడుకుపోయింది, అవి రావు. ఆఖరి మడి ఎండుద్ది. ఆ ఎండటమే నీకు ఛాతీలోనూ దవడలోనూ తెలుస్తోంది. ఆగావనుకో, మళ్ళీ నారుమడి అయిపోద్ది, నొప్పి తగ్గుద్ది. ఎండిపోయేలోపు పూడిక ఎక్కడుందో చూపించుకోమంటున్నా, అంతే."

అన్నయ్య చాలా శ్రద్ధగా విన్నాడు. నాకు కాస్త ఆశ పుట్టింది.

"అసలు మన చేనుకి నీళ్ళెందుకు రావట్లేదో తెలుసా నీకు?" అన్నాడు. "పైనోళ్ళు మోటార్లేసి లాగేస్తున్నారు. ఇరిగేషనోళ్ళకి చెప్పా..."

ఆ తర్వాత మాటంతా ఇరిగేషన్ శాఖ గురించే. బాగానే చెప్పాడు. నడుమ ఒక్కసారి కూడా గుండె ప్రస్తావన రాలేదు.

నా కాలవ పోలికలో ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. కాలవలో పూడిక అడుగున పేరుకుంటుంది, అందరికీ కనిపిస్తుంది. నాళంలో కొవ్వు గోడ లోపల, పైపొర కింద, పేరుకుంటుంది, ఒంటి మీద పొక్కులాగా. ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగి దారి ఇరుకు చేస్తుంది. అది కదలకుండా ఉన్నంతకాలం మనిషి మెట్ల మలుపులో ఫోన్లు మాట్లాడుకుంటూ బతికేయవచ్చు. ఏ రోజో ఆ పొక్కు చిట్లుతుంది. చిట్లినచోట రక్తం గడ్డకట్టి, మిగిలిన ఆ కాస్త దారీ మూసేస్తుంది. దానికి మెట్లే ఎక్కనక్కర్లేదు. కుర్చీలో కూర్చున్నా చిట్లుతుంది. అది ఎప్పుడన్నది చెప్పదు. ఆ రోజు రాకముందే అన్నయ్యని పరీక్షకి కూర్చోబెట్టడం ఒక్కటే నా పని. డాక్టరు దగ్గర కూర్చోబెట్టబోతే, మావాళ్ళు వాస్తు సిద్ధాంతి ముందు కూర్చోబెట్టారు.

మేం చర్చికి వెళ్ళేవాళ్ళం. ఇంట్లో బైబిలు తప్ప ఇంకో శాస్త్రం ఉండకూడదని నాన్న పద్ధతి. మా వీధిలో ప్రతి గుమ్మం మీదా సిలువ ఉంటుంది, ప్రతి గుమ్మమూ సిద్ధాంతి చెప్పినచోటే ఉంటుంది. ఈ రెండిటికీ పేచీ వచ్చినట్టు నేనెప్పుడూ వినలేదు.

"ఇటుకకి మతమేంటి చెల్లాయ్?" అన్నాడు అన్నయ్య.

సిద్ధాంతి బుల్లెట్టు మీద వచ్చాడు. ఫోనులో దిక్సూచి పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. ఈశాన్యం మూలకి రాగానే ఆగి, పాత మెట్లని కింద నుంచి పైదాకా చూసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈశాన్యం మీద ఇంత బరువు పెట్టుకుని ఇన్నాళ్ళు ఎలా ఉంటున్నారు బాబుగారూ? ఇక్కడ బరువుంటే యజమాని రొమ్ము మీద బరువుంటది. ఉందా, లేదా?"

మా అన్నయ్య మొహం చూడాలి అప్పుడు. "నేను నోరు తెరవలేదు చెల్లాయ్! నోరు తెరవకుండానే చెప్పాడు!"

నిజమే, నోరు తెరవలేదు. మలుపు దాకా ఎక్కి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ దిగాడంతే.

మెట్లు పగలగొట్టడం మొదలయ్యాక మా పాస్టరుగారు ఆరోగ్యం కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చారు. సమ్మెట దెబ్బల మధ్య కళ్ళు మూసుకుని, మామూలుకన్నా కాస్త పొడుగ్గానే ప్రార్థన చేశారు. కళ్ళు తెరిచి ఈశాన్యం వంక చూశారు. గేటు దాకా వెళ్ళి, వెనక్కొచ్చి, గొంతు తగ్గించి అడిగారు: "ఆ సిద్ధాంతిగారు మన ప్రార్థనా మందిరాలు కూడా చూస్తారా బ్రదర్?"

కొత్త మెట్లు పడమర వైపు లేచేదాకా పై అంతస్తుకి దారి లేదు. వదిన పక్కింటివాళ్ళ డాబా మీదుగా పిట్టగోడ దాటి రాకపోకలు సాగించింది. అన్నయ్య కొట్టులోనే మంచం వేసుకున్నాడు, అన్నం కూడా అక్కడికే. నేను చూడ్డానికి వెళ్తే, వెలిగిపోతున్నాడు.

"పగలగొట్టిన రోజునుంచే తేడా తెలుస్తోంది చెల్లాయ్. నొప్పనేది లేదు! ఇంకా కొత్తవి కట్టనేలేదు, అప్పుడే ఇంత గుణం!"

"మెట్లే లేవుగా అన్నయ్యా."

"అదేగా నేను చెప్పేది!"



కొత్త మెట్లు వచ్చాయి. పడమర వైపు స్థలం దండిగా ఉంది కాబట్టి మేస్త్రి మెట్లని పొడుగ్గా, చదునుగా, రెండు మలుపులతో, ఆవులిస్తున్నట్టు కట్టాడు. మనిషి అంత నిదానంగా ఎక్కితే గుండెకి పెద్దగా నీళ్ళు అక్కర్లేదు. నొప్పి రాలేదు. ఇక చూడండి. కొట్టుకి ఇనప చువ్వలకి వచ్చినవాళ్ళని కూడా చేయి పట్టుకుని తీసుకెళ్ళి మెట్లెక్కి చూపించాడు. ఈసీజీ కాగితం పక్కన సిద్ధాంతి విజిటింగ్ కార్డు చేరింది. నాన్న ఫొటో కాస్త పక్కకి జరిగింది.

నేను మాత్రం ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమని అంటూనే ఉన్నాను.

"మెట్లెక్కితే రాని నొప్పిని మిషనెక్కి మరీ తెచ్చుకోమంటావా? నీకు నా మీద ఏంటే కక్ష?"

"కక్షుంటే వీడియో చూసి కషాయం తాగమంటా."

"తాగుతున్నా. బానే ఉంది."

క్రిస్మస్ వెళ్ళాక ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నయ్యా వదినా నందిగామలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. మాది మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, బాగుచేయించాలా వద్దా అన్న చర్చ కూడా చాలాకాలంగా ఉంది. వదిన ముందొచ్చి, ఫ్యాను కింద కూర్చుంది. అన్నయ్య రాలేదు.

"మీ అన్నయ్యకి ఫోనొచ్చింది," అంది వదిన, నావైపు చూడకుండా.

నేను కిందికి వెళ్ళాను. రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చెవి దగ్గర ఫోను. "ఊఁ" అంటున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. పెదాలు బూడిద రంగులో ఉన్నాయి. నేను ఆ ఫోను చేతిలోంచి తీసుకున్నాను. తెర నల్లగా ఉంది.

తలెత్తి నన్ను చూశాడు. చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడి చెయ్యి విరిగినప్పుడు కూడా, విరగలేదని నాన్నకి అబద్ధం చెప్పి, అన్నం ఎడమచేత్తో తింటూ దొరికిపోయిన మనిషి. ఆ మొహమే అది.

"రేపు బెజవాడ వెళ్దాం. నేను సెలవు పెడతా," అన్నాను.

ఊపిరి కూడదీసుకున్నాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"మీ అపార్ట్‌మెంటుకి వాస్తు లేదు చెల్లాయ్," అన్నాడు. "ముందు మీరిల్లు మారండి."

అది జరిగిన కొన్నాళ్ళకి, పొద్దున్నే, నేను కాలేజీకి బయల్దేరబోతుంటే వదిన ఫోను చేసింది.

"మీ అన్నయ్య కూర్చున్నచోటే తడిసిపోయాడు అమ్మాయ్. మెట్లూ ఎక్కలా, ఏం ఎక్కలా. పేపరు చదువుతున్నాడు. రొమ్ము మీద బండ పెట్టినట్టుందంటన్నాడు. ఎడమచెయ్యి లాగేస్తందంట."

"ఎంతసేపయింది?"

"చాలాసేపయింది. ఆరెంపీ డాక్టరు వచ్చి గ్యాసుకి ఇంజక్షనేసి పోయాడు."

"కారు పిలిచారా?"

"లేదు. బస్తాలు మోస్తన్నారు."

నాకు అర్థం కాలేదు. "ఎవరు? ఏం బస్తాలు?"

"సిమెంటు బస్తాలు. హమాలీలు. మీ అన్నయ్య సిద్ధాంతికి ఫోను చేశాడు. ఈశాన్యంలో ఏమన్నా బరువు పెట్టారా అనడిగాడంట. మెట్లు పోయి ఖాళీ అయిందిగా, అక్కడ మనమే బస్తాలు పేర్పించాం. తీసెయ్యమన్నాడంట. తీస్తన్నారు."

అదీ సంగతి. జగ్గయ్యపేటలో ఒక మనిషి గుండె కండరం నెత్తురందక చచ్చిపోతోంది. ఒకసారి చస్తే మళ్ళీ పుట్టని కండరం. ప్రతి నిమిషానికీ కొంత పోతుంది. ఆ నిమిషాల్లో ఆ ఇంట్లో ఉన్న బలమైన మగవాళ్ళందరూ ఒక మూల నుంచి ఇంకో మూలకి సిమెంటు చేరవేస్తున్నారు. రోగి కుర్చీలో కూర్చుని, గుడ్డతో చెమట తుడుచుకుంటూ, ఏ వరస ముందు తియ్యాలో చెబుతున్నాడు. ఎవరూ ఖాళీగా లేరు. అందరూ ఆయన కోసమే కష్టపడుతున్నారు. నిర్లక్ష్యం అని ఒక్కరినీ అనడానికి లేదు.

"వదినా, ఆస్పిరిన్ ఉంటే నమిలించు. ఇప్పుడే కారెక్కించు. హైవే మీద నేనెక్కుతా. బస్తాలు ఎన్ని మిగిలినా సరే."

"సరే," అంది వదిన. తర్వాత ఫోను పెట్టెయ్యకుండానే అటు తిరిగి అన్న మాట నాకు వినపడింది: "దింపండ్రా. ఆ బస్తా దింపి ఈయన్నెత్తండి."

నందిగామ దగ్గర హైవే పక్కన కారెక్కాను. అన్నయ్య వెనక సీట్లో వదిన భుజం మీద తల వాల్చి ఉన్నాడు. చేతులు చల్లగా ఉన్నాయి. కళ్ళు తెరిచి నన్ను చూసి, వదిన వైపు తిరిగాడు.

"మొత్తం తీసేశారా?"

వదిన కిటికీలోంచి బయటికి చూస్తోంది. "తీసేశారు," అంది.

"అందుకే. కాస్త తేలిగ్గా ఉంది."

తేలిగ్గా ఉండడానికి ఆస్పిరిన్ కారణమో, అబద్ధం కారణమో నాకు తెలీదు. వదిన అబద్ధమాడగా నేను వినడం అదే మొదలు. కీసర టోల్‌గేటు దగ్గర బండ్ల బారులో ఆగినప్పుడు ఆమె అన్నయ్య చొక్కా పై గుండీ తీసి, కొంగుతో విసురుతూ కూర్చుంది. ఏసీ పనిచేస్తూనే ఉంది.

విజయవాడలో మూసుకుపోయిన నాళం తెరిచి స్టెంటు వేశారు. డాక్టరు చిన్నవాడు, మాట సూటిగా ఉంది. వదిననీ నన్నూ పిలిచి గుండె స్కానింగు తెర మీద చూపించాడు.

"ఈ గోడ చూడండి. ఇది కొట్టుకుంటోంది. ఇటు చూడండి, ఈ భాగం కదలట్లేదు. అక్కడ కండరం చచ్చిపోయింది. ఇక అది మచ్చే. మిగతా గుండె దాని పని కూడా మొయ్యాలి. పంపింగు బాగా తగ్గింది. ఆయాసం ఉంటుంది, కాళ్ళకి నీరు పడుతుంది. ఇంకాస్త ముందొస్తే ఇంత పోయేది కాదు. ఎందుకాలస్యమైంది?"

మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం.

"బస్తాలు మోశారండి," అన్నాను.

"పేషెంటా?" అన్నాడు డాక్టరు, భయపడిపోయి.

"కాదండి. ఆయన చూశారు."

డాక్టరు దాన్ని ఎక్కడా రాసుకోలేదు. రాయడానికి గడి లేదేమో. నేను తెర మీద ఆ గోడనే చూస్తున్నాను. ఇన్నేళ్ళుగా నేను బోర్డు మీద వేసిన గోడే. బోర్డు మీద కూడా అది ఏనాడూ కదల్లేదు, కానీ అప్పుడు బాధ అనిపించలేదు.

"ఇంకో రెండు నాళాలు బాగా ఇరుగ్గా ఉన్నాయి," అన్నాడు డాక్టరు. "స్టెంటుతో అయ్యేవి కాదు. ఆపరేషన్ చెయ్యాలి. కొంచెం తేరుకోనిచ్చి ఈ నెల్లోనే చేద్దాం. వాయిదా మాత్రం వెయ్యకండి. ఇంకోసారి ఇలా వస్తే తట్టుకునే కండరం లేదు."

అన్నయ్యని ఇంటికి తీసుకొచ్చారు. ముసలాళ్ళు కూడా ఎక్కే మెట్ల ముందు కారాగింది. మొదటి మలుపు దాకా కూడా ఎక్కలేకపోయాడు. ఈసారి ఫోను తియ్యలేదు. తీసే ఓపిక లేదు. కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోశారు. ఆ మెట్ల మీద వాళ్ళు కూడా ఒక అడుగు పొడుగ్గా, ఒక అడుగు పొట్టిగా వేశారు. అన్నయ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

పరామర్శలు మొదలయ్యాయి. మా వైపు రోగిని చూడ్డానికి రావడమంటే బ్రెడ్డు, యాపిల్సు, ఒక చావు కబురు. బ్రెడ్డు బల్ల మీద పెట్టి, కబురు మంచం పక్కన చెబుతారు. ఫలానా ఆయన కూడా ఇలాగే ఇంటికొచ్చాడు, బాగానే తిరిగాడు, ఒకరోజు స్నానానికి వెళ్ళి... అన్నయ్య మూడు దిండ్ల మీద ఆనుకుని, మాటకీ మాటకీ మధ్య గాలి అందుకుంటూ, అందరికీ వివరించేవాడు. గుండె అంటే ఏంటనుకున్నారు, కాలవ పక్కన చేను. అందులోని నీళ్ళు అది తాగదు. తూములుంటాయి. నారుమడి, నాట్లు, అన్నీ చెప్పేవాడు. నాకన్నా బాగా చెప్పేవాడు. ఎవరు చెప్పారని అడిగితే, ఆస్పత్రిలో డాక్టరు చెప్పాడనేవాడు.

ఆపరేషనుకి వెళ్ళాల్సిన వారం వచ్చింది. నేను బట్టలు సర్దడానికి వచ్చాను. అదే సాయంత్రం సిద్ధాంతి వచ్చాడు, చేతిలో బ్రెడ్డూ యాపిల్సుతో. మంచం పక్కన కుర్చీ లాక్కుని, అన్నయ్య చెయ్యి పట్టుకున్నాడు. పాస్టరుగారు అప్పటికే అక్కడున్నారు. ఇద్దరూ ఒకరికొకరు నమస్కారాలు చేసుకున్నారు, బాగా పరిచయం ఉన్నట్టే.

"ఆ మెట్లు మార్చకపోయుంటే మనిషి మనకి దక్కేవాడు కాదమ్మా," అన్నాడు సిద్ధాంతి నాతో. "గండం అంతవరకు తప్పింది."

అన్నయ్య తలూపాడు. ఆ తలూపడానికే ఆయాసపడ్డాడు.

"ఇంక మిగిలింది గేటొకటి. ఎదురు వీధి నేరుగా వచ్చి గేటుకి తగులుతోంది. వీధిపోటు ఇంకా ఉంది. దాన్ని ఆ పక్కకి జరిపితే ఇంక ఏ కత్తీ అక్కర్లేదు బాబుగారికి. ఒకవేళ పెట్టించుకున్నా, గేటు పనయ్యాకే మంచిది."

గదిలో అందరూ అన్నయ్య వైపు చూశారు. నేను మడత పెడుతున్న లుంగీ చేతిలోనే ఉంది. అన్నయ్య నావైపు చూడలేదు. కాళ్ళ వైపు చూసుకున్నాడు. చీలమండలు ఉబ్బి, మేజోళ్ళ గుర్తులు లోతుగా పడి ఉన్నాయి.

"ఎన్నాళ్ళు పడుద్దండీ... గేటుకి?" అన్నాడు, ఆగి ఆగి.

"మేస్త్రి దొరికితే పెద్ద పనేం కాదు."

"డాక్టరు వాయిదా వెయ్యొద్దన్నాడు అన్నయ్యా," అన్నాను.

"వాయిదా కాదు చెల్లాయ్. ఈ పనొక్కటి... చూసుకుని పోతే... మనసు నిమ్మళంగా ఉంటది. నాలుగు రోజులు. ఏమంటారు పాస్టరుగారూ?"

పాస్టరుగారు యాపిల్సు వంక చూశారు.

వదిన టీ కప్పులున్న పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో తెలీదు. లోపలికొచ్చి, ముందు సిద్ధాంతికి కప్పు అందించింది.

"అట్టాగే మార్పిద్దాం సిద్ధాంతిగారూ," అంది. "కొత్త గేటు మాత్రం కాస్త వెడల్పుగా పెట్టించండి. మా అత్తగారప్పుడు పెట్టె తిరక్క చాలా ఇబ్బంది పడ్డాం."